చెయ్యి ధర్మవరానిది, పేరు ఎవరిది? అనంతపురం స్టూడియో చర్చ

ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మీద రేగిన కొల్హాపురి చెప్పుల గొడవ చల్లారినట్టే చల్లారింది. ఆ చెప్పులనే ఇక్కడ కుట్టించి అమ్ముతామని కంపెనీ ఒప్పందం చేసుకున్నాక మళ్ళీ రాజుకుంది. ఆ వేడిలోనే అనంతపురంలోని ఒక లోకల్ స్టూడియోలో ధర్మవరం పట్టుచీర మీద గంటసేపు చర్చ పెట్టారు. రికార్డింగ్ విని రాసుకున్నది ఇది. ఎవరి మాటనూ సరిదిద్దలేదు. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట వినిపించినంతే రాశాను. నేను మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. అందుకే ఒకటి రెండు చోట్ల ఆగలేక బ్రాకెట్లలో నా మాట కూడా కలిపాను.

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2025 జూన్‌లో మిలన్‌లో ప్రాడా ఫ్యాషన్ షో జరిగింది. మోడళ్ళ కాళ్ళకున్న చెప్పులు చూడగానే మనవాళ్ళందరూ గుర్తుపట్టారు, అవి కొల్హాపురి చెప్పులు. కంపెనీ మాత్రం ఉత్త తోలు చెప్పులని రాసుకుంది. దేశమంతా గొడవైంది. ఆ తర్వాత కంపెనీయే ఒప్పుకుంది, అది భారతీయ చేతిపని నుంచి వచ్చిందేనని. డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు కార్పొరేషన్లతో ఒప్పందం కూడా అయింది. 2 వేల జతలు చేయిస్తారు, జత సుమారు 800 యూరోలు. మన డబ్బుల్లో 80 వేలు దాటుతుంది. ఊళ్ళో వెయ్యి రూపాయల చిల్లరకు దొరికే చెప్పు అది! నా ప్రశ్న సూటిగా ఒకటే. మన ధర్మవరం చీరకు ఆ మర్యాద ఎందుకు రాలేదు? మనకూ ఒక ప్రాడా ఎప్పుడు పుడుతుంది? స్టూడియోలో నలుగురు ఉన్నారు. చేనేత కార్మిక సంఘం నాయకుడు, రిటైరైన హిస్టరీ లెక్చరర్ గారు, బెంగళూరులో బొటీక్‌లకు పనిచేసే మన జిల్లా డిజైనర్ మేడం, ధర్మవరం నుంచి నేత కార్మికురాలు. అందరికీ సమానంగా టైం ఇస్తాం. ముందు డిజైనర్ మేడం...

నాయకుడు: ముందు నాకొక్క నిమిషం ఇవ్వండి. మీ ప్రశ్నే తప్పు.

వ్యాఖ్యాత: సార్, మీ వంతు వస్తుంది.

నాయకుడు: వస్తుంది, కానీ ప్రశ్నే తప్పుగా మొదలైతే జవాబు ఎట్లా సరిగ్గా వస్తుంది? మనకూ ఒక ప్రాడా ఎప్పుడు అంటున్నారు. మనకు ప్రాడా ఎందుకప్పా? 80 వేల చెప్పులో ఆ కుట్టిన మనిషికి ఎంత పోతుందో ఎవరైనా అడిగినారా? రేటు అడుగుతున్నారు, కూలి అడగడం లేదు. రేటు కాదు, కూలి చెప్పండి! 2024లో ఏమైంది? మిలన్ కోర్టు ఫ్రాన్స్ ఫ్యాషన్ కంపెనీ డియోర్ అనుబంధ సంస్థ ఒకదాన్ని కోర్టు పర్యవేక్షణ కింద పెట్టింది. సబ్ కాంట్రాక్టు షెడ్లలో బ్యాగు కుట్టించినందుకు 53 యూరోలు, షాపులో దాని ధర 2,600. మేడిన్ ఇటలీ అని ముద్ర. లగ్జరీ లోపల ఉండేది ఇదే.

డిజైనర్: ఆ 53లో తోలు ఖర్చు లేదు సార్, కుట్టుకూలి మాత్రమే. అదైనా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఒక కేసు చూపించి మొత్తం అంతే అనకూడదు. హెర్మెస్ సంగతి తీసుకోండి. 1837లో గుర్రాల జీన్లు, కళ్ళేలు చేసే దుకాణంగా పారిస్‌లో మొదలైంది. ఈరోజుకీ వాళ్ళ పేరున్న బ్యాగు మొదటి నుంచి చివరి దాకా ఒక్క మనిషి చేతిలోనే అవుతుంది. లోపల ఆ మనిషి గుర్తు ఉంటుంది. పదేళ్ళ తర్వాత రిపేరుకు వచ్చినా ఎవరు కుట్టారో తెలుస్తుంది. లగ్జరీ అంటే నా దృష్టిలో అది. ఖరీదు తర్వాతి మాట. ఈ వస్తువు వెనక ఒక మనిషి కూర్చున్నాడని చెప్పగలగాలి...

వ్యాఖ్యాత: అదే నేనూ అడుగుతున్నాను. ధర్మవరానికి అలాంటి బ్రాండ్ ఎందుకు లేదు?

డిజైనర్: బ్రాండ్ గురించి కాదు నేను చెప్పేది, గుర్తు గురించి. చీర కొంగు చివర నేసినవాళ్ళ పేరు ఎందుకు ఉండకూడదు?

నాయకుడు: పేరు వేస్తే అన్నం ఉడుకుతుందా?

డిజైనర్: ఉడకదు. కానీ పేరు లేకపోతే బేరం ఆడే హక్కు కూడా ఉండదు.

నాయకుడు: మేడం, మీరు బొటీక్ వైపు నుంచి మాట్లాడుతున్నారు...

డిజైనర్: మా అవ్వ మగ్గం మీదే చచ్చిపోయింది సార్. నేను ఏ వైపు నుంచి మాట్లాడుతున్నానో మీరు చెప్పనక్కర్లేదు.

[కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.]

వ్యాఖ్యాత: సరే, సరే. అక్కా, మీరు చెప్పండి. మీరు ఒక చీర తెచ్చారు, కెమెరా దగ్గరికి పట్టుకోండి. ఎన్ని రోజులు పట్టింది?

నేత కార్మికురాలు: పదకొండు రోజులు సార్. నేనూ మా ఆయనా ఇద్దరం. ఇది కుట్టు అంచు. అంటే ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకో రంగు. పేక, అంటే అడ్డపోగు, దాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఒక్కటైతే చాలదు. అంచు నాడె వేరే వెయ్యాలి, దానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఒంటి పోగు, అంచు పోగు కలిసే చోట ఇదుగో ఈ పళ్ళు కనిపిస్తున్నాయి చూడండి. ఇక్కడ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పట్టు తప్పితే నాలుగు కట్లకే అంచు ఊడొచ్చేస్తుంది.

వ్యాఖ్యాత: బయట దీని ధర ఎంత ఉంటుంది?

నేత కార్మికురాలు: మాకు కూలి 6 వేలు సార్. బయట ధర మాకు తెలియదు. మాది కూలి మగ్గం. పట్టు, జరీ షావుకారే ఇస్తాడు. నేసి ఇచ్చేస్తాం.

నాయకుడు: విన్నారా? బయట ధర తెలియదు! ఇదీ నేను చెప్పేది. పదకొండు రోజులు, ఇద్దరు మనుషులు, 6 వేలు. మనిషికి రోజుకు 300 కూడా పడలేదు. ఉపాధి హామీ కూలి కన్నా తక్కువే. 2019-20 చేనేత గణన చూడండి. దేశంలో నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల మందికి నెల ఆదాయం 5 వేల లోపే. ఈ దేశంలో చేతిపనికి మనమిచ్చే విలువ ఇది. దీని మీద కూర్చుని ప్రాడా, హెర్మెస్...

లెక్చరర్: ఒక్క మాట బాబూ. విలువ అని మీరే అన్నారు కదా, ఆ విలువ పోయిన దారి కొంచెం చూద్దాం. 17వ శతాబ్దంలో మన కోస్తా నుంచి అద్దకం గుడ్డలు యూరప్‌కు పోయేవి. వాళ్ళు చింట్జ్ అని పిలిచారు. అక్కడి జనం ఎగబడి కొన్నారు. అక్కడి నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో ఆ గుడ్డలు కట్టుకోవడమే నేరం చేసింది. అంటే ఒకప్పుడు యూరప్‌కు లగ్జరీ మనదే. తర్వాత కాశ్మీరు శాలువా. ఆ శాలువా మీది మామిడి పిందె...

వ్యాఖ్యాత: మన చీరల మీద ఉండే మామిడి పిందేనా?

లెక్చరర్: అదే. ఈ అమ్మ తెచ్చిన చీర కొంగులోనూ ఉంది చూడండి. 19వ శతాబ్దంలో స్కాట్లాండులో ఒక ఊళ్ళో కాశ్మీరు శాలువాలకు నకళ్ళు మగ్గాల మీద నేసి చవగ్గా అమ్మారు. ఆ ఊరి పేరు పైస్లీ. ఈరోజు ప్రపంచమంతా మామిడి పిందెను పైస్లీ అనే అంటుంది. నకలు చేసిన ఊరి పేరే అసలుకు పెట్టారు.

నాయకుడు: చూసినారా! దొంగతనం ఈనాటిది కాదు!

లెక్చరర్: దొంగతనం అని పూర్తిగా అనలేను. పనితనం అన్నాక ఒక చోట నుంచి ఇంకో చోటికి పోతుంది, పోవాలి కూడా. మనమూ తీసుకున్నాం. ధర్మవరం మగ్గం మీద కూర్చునే జకార్డ్ సంగతి చెప్పండి. అది ఫ్రాన్స్‌లో, లియోన్ పట్టు మగ్గాల మీద పుట్టింది, 1804లో. అట్టలకు రంధ్రాలు కొట్టి, ఏ పోగు లేవాలి, ఏది కింద ఉండాలి అని ముందే రాసి పెట్టే పద్ధతి. దాన్ని తయారు చేసినాయన పేరు జోసెఫ్ మరీ జకార్డ్.

నేత కార్మికురాలు: జకార్డ్ మనిషి పేరా సార్?

లెక్చరర్: మనిషి పేరేనమ్మా.

నేత కార్మికురాలు: నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి రోజూ ఆ మాట అంటున్నాను సార్. జకార్డ్ దించు, జకార్డ్‌కు నూనె వెయ్యి, జకార్డ్ అట్ట తెగింది అని. మిషన్ పేరనుకున్నాను. ఎంత మంచిగా ఉంది! ఆయన పేరు మా ఇంట్లో రోజూ పలుకుతున్నాం.

[ఈ ముక్క నేను మళ్ళీ మళ్ళీ విన్నాను. వాళ్ళు మన పిందెకు మన పేరు తీసేశారు. మనం వాళ్ళాయన పేరు చెడకుండా ఇన్నేళ్ళుగా మోస్తున్నాం. చర్చ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరిగి ఉంటే ఎంత బాగుండేది!]

డిజైనర్: చూడండి, ఈ అక్క అన్నదే నా పాయింట్. పేరు నిలబెడితే...

నాయకుడు: అక్క అన్నది నా పాయింట్! మనం మర్యాదస్థులం, పేరు ఉంచాం. వాళ్ళు ఉంచలేదు. అందుకే నేను చెప్తున్నా, వాళ్ళతో ఒప్పందాలు వద్దు. మన కూలి మనం పెంచుకుందాం. 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం తెచ్చారు. మొదట 22 రకాలు మరమగ్గం మీద నేయకూడదన్నారు, తర్వాత 11కు కుదించారు. చీర అందులో ఉంది. ఉండి ఏం లాభం? మన ఊళ్ళలోనే మరమగ్గం మీద అదే డిజైను ఒక్క రోజులో దిగిపోతోంది. అమ్మేటప్పుడు దాన్నీ ధర్మవరం చేనేత అనే చెబుతున్నారు. మిలన్‌లో దొంగను పట్టుకోవడానికి చర్చలు పెడుతున్నాం, పక్క వీధి దొంగను వదిలేస్తున్నాం.

వ్యాఖ్యాత: మంచి మాట. కానీ మనకు జీఐ, అంటే ఫలానా ఊరి వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా? ధర్మవరం చేనేత పట్టుచీరలు, పావడాల పేరు మీద.

డిజైనర్: ఉంది. కానీ జీఐ ఏం చేస్తుందో జనానికి తెలియదు. అది పేరును కాపాడుతుంది, డిజైనును కాదు. ఎవరైనా అదే అంచు, అదే పిందె నేసి వేరే పేరుతో అమ్మితే జీఐతో ఆపడం కష్టం. పైగా మన దేశపు జీఐ మన దేశంలోనే చెల్లుతుంది. కొల్హాపురికి 2019లోనే వచ్చింది, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు. అయినా మిలన్‌లో ఏం చేయగలిగారు? ప్రాడా మీద బాంబే హైకోర్టులో వేసిన వ్యాజ్యాన్ని కూడా 2025 జులైలో కొట్టేశారు, వేసినవాళ్ళు జీఐ హక్కుదారులు కాదని. కంపెనీని కదిలించింది కోర్టు కాదు, జనం చేసిన గొడవ.

వ్యాఖ్యాత: అయితే మనమూ గొడవ చేస్తే మనకూ ప్రాడా స్థాయి వస్తుందా? లక్ష రూపాయల ధర్మవరం చీర ఎప్పుడు చూస్తాం మేడం?

డిజైనర్: లక్ష రూపాయల చీర ఇప్పుడు కూడా అమ్ముతున్నారు సార్. పెద్ద షోరూముల్లో కంచి అని పేరు పెట్టి...

నాయకుడు: అదీ! ధర్మవరంలో నేసి కంచి పేరుతో అమ్మకం! ఎన్నిసార్లు చెప్పినా...

డిజైనర్: నేను పూర్తి చేయనివ్వండి.

నాయకుడు: ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇక్కడి నుంచి బండిలెక్కిన చీర ఏ పేరుతో దిగుతుందో మాకు తెలియదా? లగ్జరీ అంటే పేరు అమ్ముకోవడం. పని ఒక చోట, పేరు ఒక చోట. ఆ రెంటి మధ్య ఉన్న దూరమే లాభం. మీరు ఎంత దూరం పెడితే అంత లాభం. రాసుకోండి ఈ మాట.

[ఈ మాట మాత్రం నేను నిజంగానే రాసుకున్నాను. ఆయనతో నాకు చాలా చోట్ల పేచీ ఉంది, దీంట్లో లేదు.]

వ్యాఖ్యాత: ఫోన్ లైన్‌లో ప్రొద్దుటూరు నుంచి ఒక వీక్షకురాలు ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్: నమస్తే సార్. మా అమ్మాయి పెళ్ళికి పట్టుచీర కొన్నాం. నాలుగుసార్లు కట్టేసరికి జరీ నల్లబడింది. పోగు పీకి అగ్గిపుల్లతో కాలిస్తే ప్లాస్టిక్ వాసన సార్. అసలు జరీ ఎట్లా కనుక్కోవాలి? రేపు చీర పాతబడితే అమ్ముకుంటే ఏమైనా వస్తుందా?

లెక్చరర్: మంచి ప్రశ్న. అసలు జరీ అంటే లోపల పట్టు పోగు, దాని చుట్టూ వెండి తీగ, పైన బంగారు పూత...

ఫోన్: మా అవ్వ చీరలు కాలిస్తే వెండి వచ్చింది సార్. వీధుల్లో పాత పట్టుచీరలు కొంటాం అని అరుస్తారు కదా, వాళ్ళకిచ్చేశాం.

నేత కార్మికురాలు: కాల్చేశారా అక్కా?

ఫోన్: చిరిగిపోయినాయి కదమ్మా.

నేత కార్మికురాలు: ఎవరు నేసినారో... చిరిగినా అంచు బాగుంటుంది అక్కా. అంచు కోసి పిల్లలకు పావడాకు వేసుకోవచ్చు. మేము అట్లే చేస్తాం. కాలిస్తే వెండి ఒక్కటే మిగులుతుంది, నేత పోతుంది.

వ్యాఖ్యాత: వెండి రేటు కూడా ఇప్పుడు బాగా పెరిగింది. సార్, ఈ పాత చీరల వ్యాపారం మీద ప్రభుత్వం ఏమైనా...

లెక్చరర్: అది కాదు ముఖ్యం. ఆ తల్లి అడిగిన దాంట్లోనే మన సంస్కృతి మొత్తం ఉంది. మనం పట్టుచీరను బంగారం లెక్క చూస్తాం. ఎన్ని గ్రాముల జరీ, రేపు అమ్మితే ఎంత. పనికి ధర కట్టం, లోహానికి కడతాం. నగ కొనేటప్పుడు తరుగు, మజూరీ తగ్గించమని ఎంత బేరమాడతామో చూడండి. మజూరీ అంటేనే చేతి కూలి! యూరప్‌లో ఆ బ్యాగుకు తోలు ఎంత తూగుతుందని ఎవరూ అడగరు. మన దగ్గర చేతిపనిని తరుగు పక్కన రాస్తాం, నష్టం లెక్కలో.

నాయకుడు: మజూరీ తగ్గించమని అడిగే జనం కూలి పెంచుతారా? పెంచరు. అందుకే ప్రభుత్వమే...

డిజైనర్: జనాన్ని తిట్టి లాభం లేదు సార్. వాళ్ళకు పని చూపించాలి. 2023 మార్చిలో ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర డియోర్ షో పెట్టింది. ముంబై ఎంబ్రాయిడరీ వాళ్ళ పేరు చెప్పి మరీ పెట్టింది. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ పని ఇక్కడ జరిగేది, పేరు మాత్రం బయటికి వచ్చేది కాదు. ఒక షోతో అంతా మారిపోయిందని అనను. కానీ ఎంబ్రాయిడరీ చేసే పిల్లలు నా చేతి పని పారిస్‌కు పోయిందని చెప్పుకోగలుగుతున్నారు. ధర్మవరంలో ఇరవై ఏళ్ళ పిల్లలు మగ్గం ఎందుకు ఎక్కడం లేదు? కూలి ఒక్కటే కారణమా? నేతగాడికి పిల్లనివ్వరు. ఆ గౌరవం...

నాయకుడు: కూలి పెరిగితే పిల్లనిస్తారు! గౌరవం అదే వస్తుంది. వెనక బీద కాలం లేదా? 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు సొసైటీ పెట్టినప్పుడు గౌరవం ఎక్కడి నుంచి వచ్చింది? నూలు ఇచ్చినారు, గుడ్డ కొన్నారు, కూలి ఇచ్చినారు. కర్నూలు జిల్లా దుప్పటి దేశమంతా పోయింది. ఏ ఫ్యాషన్ షో పెట్టినారు? సొసైటీ! సొసైటీ కావాలి, షోరూమ్ కాదు!

వ్యాఖ్యాత: సొసైటీనే బ్రాండ్ చేయవచ్చు కదా సార్? మన ప్రాడా మన సొసైటీలోంచే...

నాయకుడు: మళ్ళీ ప్రాడా!

వ్యాఖ్యాత: లేదు, నేను అడిగేది స్థాయి గురించి.

లెక్చరర్: నిమ్మలకుంట సంగతి ఒకటి చెప్పాలి. ధర్మవరం పక్కనే. తోలుబొమ్మలాట. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు ఆ బొమ్మలు తెర వెనక దీపం వెలుగులో రాత్రంతా రామాయణం ఆడేవి. ఇప్పుడు అదే మేకతోలు, అదే ఉలి, అదే రంగులు, లోపల బల్బు పెట్టి లాంప్ షేడ్. నగరాల్లో ఇళ్ళల్లో వేలాడుతున్నాయి. లాంప్ షేడ్ అమ్ముడుపోయింది కాబట్టే ఆ ఇళ్ళల్లో ఉలి ఇంకా ఆడుతోంది, అది కాదనలేం. కానీ బొమ్మకు చేతులు కీళ్ళ దగ్గర కదిలేలా ఎందుకు చేస్తారు? మాట్లాడడానికి. లాంప్ షేడ్ మీద హనుమంతుడి చెయ్యి కదలనక్కర్లేదు. కీలు కట్టడం మరిచిపోతే అది పనితనం మిగిలినట్టా, పోయినట్టా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళుగా...

వ్యాఖ్యాత: సార్, లాంప్ షేడ్లు ఎగుమతి అవుతున్నాయా?

లెక్చరర్: నేను ఎగుమతి గురించి...

వ్యాఖ్యాత: బ్రేక్ తీసుకుందాం. వెంటనే వచ్చేద్దాం.

[బ్రేక్ తర్వాత ఆయనకు ఈ మాట పూర్తి చేసే అవకాశం ఇవ్వలేదు.]

వ్యాఖ్యాత: చర్చలోకి మళ్ళీ స్వాగతం. అక్కా, మీకు సూటి ప్రశ్న. మీరు నేసిన చీరకు మీ పేరు వేసి విదేశాల్లో అమ్మితే మీకు సంతోషమేనా?

నేత కార్మికురాలు: సంతోషమే సార్. కానీ పేరు ముందు... ఒక సంగతి చెప్పనా? అంచును సాగదీసి పట్టడానికి చీర కింద ఒక కర్ర పెడతాం, దానికి ముళ్ళుంటాయి. అందుకే రెండు అంచుల్లోనూ సన్నగా రంధ్రాలు పడతాయి. ఇవిగో. మొన్న ఒక షోరూము నుంచి చీర వాపసు వచ్చింది. డ్యామేజీ అన్నారు. మాకు కూలిలో కోశారు. అది డ్యామేజీ కాదు సార్, మగ్గం మీద నేసినట్టు గుర్తు. మాకు కోత పెట్టిన గుర్తే మా పేరు.

వ్యాఖ్యాత: అయ్యో.

నేత కార్మికురాలు: ఇంకొకటి. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే కొత్తది అతకాలి. వేల పోగులు. ఒక్కో పోగుకు వేలికి బూడిద అద్దుకుని పురి పెట్టాలి. మా అత్త అతికితే అతుకు కనపడదు. ఆమెకు చూపు సగం పోయింది, అయినా ఆమె వేళ్ళకు తెలుసు. పోయిన ఏడాది అనంతపురంలో ఒక పెళ్ళికి పోయినాం. పెళ్ళికూతురి వదిన కట్టుకున్న చీర నేను నేసిందే. పచ్చ ఒళ్ళు, మెరుపులో ఎరుపు కనిపించే షేడు. వానకు మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోకి నీళ్ళొచ్చి నాలుగు రోజులు మగ్గం ఆగింది, ఆగి మొదలు పెట్టిన చోట పేకలో ఒక గీత. ఎవరికీ కనపడదు, నాకు కనపడుతుంది. దగ్గరికి పోయి ముట్టుకోవాలనిపించింది. ఆమె మంచిగానే పలకరించింది. కానీ నేను...

నాయకుడు: ఇదీ పరిస్థితి! గుంట మగ్గాల్లోకి నీళ్ళొస్తే నష్టపరిహారం ఎవరిచ్చినారు? ప్రతి వానకూ ఇదే కథ. గుంటలు నిండి, పడుగు తడిసి...

డిజైనర్: సార్, ఆమె చెప్తున్నారు.

నాయకుడు: ఆమె తరఫునే నేను చెప్తున్నా!

డిజైనర్: ఆమెకు నోరుంది.

[ముట్టుకుందా లేదా, ఆ పెళ్ళిలో చెప్పిందా లేదా, మనకు తెలియకుండానే పోయింది. నాయకుడి కోపం న్యాయమైనదే. కానీ ఆ క్షణంలో ఆయన తప్పు చేశాడు.]

నాయకుడు: నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది ఈ పోరాటంలో. ఒక్కొక్కటిగా చెప్తా. ముడిపట్టు రేటు పెరుగుతుంది, కూలి పెరగదు. హిందూపురం మార్కెట్‌లో పట్టుగూళ్ళ రేటు పెరిగితే షావుకారు చీర ధర పెంచుతాడు, మగ్గానికి మాత్రం అదే పాత కూలి. జరీ సూరత్ నుంచి, ఆ రేటు వాడిది. మధ్యలో మనిషి ఒక్కడే చవక. లగ్జరీ అంటే ఏమిటో నేను చెప్తా. మనిషి చవకైన చోట తయారై, మనిషి ఖరీదైన చోట అమ్ముడుపోయేది లగ్జరీ.

లెక్చరర్: అలా అయితే కూలి బాగున్న చోట తయారయ్యేది లగ్జరీ కాదా? పారిస్‌లో కుట్టేవాళ్ళకు జీతం బాగానే ఉంటుంది కదా.

నాయకుడు: వాళ్ళకు బాగుంటుంది సార్, యూనియన్ ఉంది కాబట్టి!

లెక్చరర్: మరి యూనియన్‌తో పాటు ఆ పనికి అక్కడ గౌరవమూ ఉంది. మేడం చెప్పింది అదే.

నాయకుడు: గౌరవం యూనియన్ తర్వాత వచ్చింది!

డిజైనర్: రెండూ కలిసి రావాలి అంటున్నాను.

నాయకుడు: కలిసి రావు. ముందు కూలి.

వ్యాఖ్యాత: మన వాట్సాప్‌కు చాలా మెసేజ్‌లు వస్తున్నాయి. ఎక్కువ మంది నాయకుడు గారి మాటనే సమర్థిస్తున్నారు. ఒకాయన కడప నుంచి రాశారు, మా జిల్లాలోనూ మగ్గాలున్నాయి, మాధవరం చీరల గురించి ఎవరూ మాట్లాడరు అని. నిజమే. ఇంకొకరు, చీర ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మితే మధ్యవర్తి ఉండడు కదా అంటున్నారు.

డిజైనర్: అమ్మవచ్చు. కానీ పట్టు కొనడానికి పెట్టుబడి ఎవరిస్తారు? షావుకారు అప్పుతోనే మగ్గం నడుస్తుంది. ఫోటో తీసి పెట్టగానే...

వ్యాఖ్యాత: టైం తక్కువ ఉంది మేడం. చివరగా ఒక్క వాక్యంలో, ధర్మవరం చీర లగ్జరీ అవునా, కాదా? అక్కా?

నేత కార్మికురాలు: లగ్జరీ అంటే డబ్బున్నవాళ్ళు కొనేదా సార్?

వ్యాఖ్యాత: అలాంటిదే.

నేత కార్మికురాలు: అయితే నాకు తెలియదు సార్. మా దగ్గర కూలీ ఇంట్లో పెళ్ళైనా అప్పు చేసి పట్టుచీర కొంటారు. ఒక్కటే కొంటారు. అది జీవితమంతా దాచుకుంటారు. వాళ్ళ కోసం నేసేటప్పుడు నేను ఇంకొంచెం జాగ్రత్తగా నేస్తాను. వాళ్ళకు రెండోది ఉండదు కదా.

వ్యాఖ్యాత: చాలా బాగా చెప్పారు. సార్?

నాయకుడు: లగ్జరీ కాదు, శ్రమ. కూలి పెంచండి, రిజర్వేషన్ చట్టం అమలు చేయండి, ధర్మవరం పేరుతో వచ్చే మరమగ్గం చీర మీద దాడులు చేయండి, సొసైటీలు బతికించండి, గుంట మగ్గాలకు...

వ్యాఖ్యాత: ఒక్క వాక్యం సార్.

నాయకుడు: ఒకటే వాక్యం ఇది, మధ్యలో కామాలున్నాయి అంతే. గుంట మగ్గాలకు పక్కా షెడ్లు కట్టించండి!

వ్యాఖ్యాత: లెక్చరర్ గారూ?

లెక్చరర్: నకలు చేసినవాడి పేరు నిలిచి, అసలు చేసినవాడి పేరు పోవడమే నా బాధ. అది స్కాట్లాండులో జరిగినా, మరమగ్గం షెడ్డులో జరిగినా ఒకటే.

వ్యాఖ్యాత: మేడం, పది సెకన్లు.

డిజైనర్: లగ్జరీ మాట నాకు పట్టింపు లేదు. కొంగు మీద పేరు...

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. చూశారు కదా, ఈరోజు చర్చలో అందరూ ఒప్పుకున్నది ఒకటే. పెద్ద పేర్లతో ఒప్పందాల కంటే ముందు కూలి ముఖ్యం. అది సాధించుకుంటే మన ధర్మవరం నుంచి కూడా ఒక ప్రాడా...

డిజైనర్: నేను అలా ఒప్పుకోలేదు సార్.

నాయకుడు: ప్రాడా వద్దనే కదా గంట నుంచి మొత్తుకుంటున్నా!

లెక్చరర్: నిమ్మలకుంట మాట మధ్యలో ఆగిపోయింది, దాన్ని ఇంకోసారి...

వ్యాఖ్యాత: తప్పకుండా సార్, ఇంకో కార్యక్రమంలో. అక్కా, ఆ చీర ఒకసారి పూర్తిగా విప్పి కెమెరాకు చూపిస్తారా? ముగింపులో వేస్తాం.

నేత కార్మికురాలు: విప్పకూడదు సార్, మడత పోతుంది. రేపు పొద్దున షావుకారుకు ఇచ్చేయాలి.